ఖాళీ కాబోవు క్వార్టర్లు

కూలరు గూడ లారీల పెట్టిన్రు, పొద్దుగాల పదిగంటలకే పెయ్యి మాడే ఈ గోదావరిఖని ఎండల కూలరు లేకుంట లారీ కదిలేదాక ఎట్ల కూసుంటరు వాళ్లు, పోయేటోళ్లకు లేని ఫికర్ నాకెందుకు, నేనేం చూస్తలేను, కిటికీ పక్కకు కూసొని పప్పుల రాళ్లు ఏరుతున్న, కిటికీ గీడ ఉంటే నా తప్పా, చాటల కందిపప్పును పొద్దటిసంది మూడుసార్లు ఏరిన, ఇగ రాళ్లు కాదు గద పప్పు గూడ మిగిలేటట్టు లేదు, అవతల పక్కింటి చంద్రమతక్క గ్యాసుపొయ్యిని పాత చీరల మూట కడుతున్నది, ముడి మీద ముడి, మళ్ల ముడి, పొయ్యి పారిపోతదా ఏంది, ఇరవై ఎనిమిదేండ్ల సంసారం పెడితే లారీ సగమే నిండింది, అదే మేము పోతే రెండు లారీలు గావాలె, ఒక్క లారీ అయితే ప్లాస్టిక్ డబ్బాలకే, మూతలు దొరకని డబ్బాలు నా తానే డెబ్బై ఉన్నయి, ఎప్పటికన్న మూత దొరుకుతదని.

వాళ్లది గుంటూరు దిక్కు, గుంటూరు అని పేరుకే, ఆమె పెనిమిటి బాబూరావు సారు పుట్టింది గీడనే, వాళ్ల నాయిన బొగ్గుబాయి పనికి వచ్చి గీడనే ఉండిపోయిండు, సారు గూడ గదే కంపెనీల సర్వేయరు, భూమి కింద ఎవని గల్లీ ఎందాక ఉన్నదో గీతలు గీసేటోడు, ఇంట్ల వాళ్ల మాట, బయట మన మాట, కోపమొస్తే రెండు మాటలల్ల తిడుతడు, రాష్ట్రం కోసం కొట్లాట మొదలైనప్పుడు ఛాయ్ కొట్టుకాడ నిలబడి నేను సమైక్యమే, రాష్ట్రం ఒక్కటిగ ఉండాలె అని మొఖం మీద చెప్పినోడు కాలనీ మొత్తంల ఆయనొక్కడే, కడమ ఆంధ్రోళ్లను అడిగితే ఈసారి వానలు ఎట్లుంటయో అని మాట మారుస్తుండె, మా ఇంటాయన వీరేందర్‌కు ఆ మాటకే సారంటే కోపం, ఆ మాటకే ఇజ్జత్, పదకొండుల సకల జనుల సమ్మెల మొత్తం బాయిలు బందువెడితే సారు డ్యూటీకి పోతడనే అనుకున్నరు అందరు, టెంటుకాడికి వచ్చి కూసున్నడు, ఏం సారూ మాతోని కలిసినవా అంటే, లేదయ్యా మీ డిమాండుకు నేను వ్యతిరేకమే, గాని మీరందరు ఇంట్ల ఉంటే నేనొక్కణ్ణి టిఫిన్ డబ్బా పట్టుకొని పోతే బాగుంటదా అన్నడు, గిసువంటి సమైక్యవాదిని ఏం చెయ్యాలెనో టెంటుల ఎవ్వనికి తెల్వక ఆయనకు గూడ ఒక గులాబీ కండువ కప్పిన్రు, ఆయన దాంతోని చెమట తుడుసుకున్నడు, రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసిన దినమైతే అన్నం వండనీకి గుండి చాలలేదని నేనే పోయి చంద్రమతక్కను అడిగిన, ఆమె అటక మీదికెల్లి పెద్ద గుండి దింపుకుంట, మమ్మల్ని పంపించటానికి మా గుండిగే దొరికిందా అమ్మాయ్, అడుగంటించకుండా తీసుకురా అన్నది, అడుగంటింది, తోమనీకి ఇద్దరం కూసున్నం, ఆమెనే ఎక్కువ తోమింది.

గసువంటి మనిషి మీద నేను, ఏం చేసిన, నేనేం చెయ్యలే, ఒక్క కాయితం రాసిన, కాలనీల ఎవలు రాయరు, క్వార్టర్ల రివాజే గది, ఎవలన్న రిటైరైతరు అంటే రెండేండ్ల ముందుగాలనే ఆ ఇంటి నెంబరు వేసి అర్జీ పెట్టుకుంటరు, రాయమల్లు కాకకు గుండెనొప్పి వస్తే ఆయన దవాఖానల ఉండంగనే ఆయన ఇంటికి మూడు అర్జీలు పడ్డయి, ఆయన బతికొచ్చి ముగ్గురితోని మాట్లాడుడు బంజేసిండు, ఇగ చంద్రమతక్కది మూలమీది క్వార్టరు, రెండు దిక్కులకెల్లి గాలి, ముంగట వరండా, నీళ్లు రాని దినం గూడ సన్నగ నీళ్లొచ్చే నల్ల, నేను సోఫాసెట్టు కొన్నప్పుడు మా హాలుల రెండే పట్టినయి, మూడోది మూడేండ్ల సంది వాళ్ల వరండాలనే ఉన్నది, కవరు గూడ తియ్యలే, నేను వాళ్లింటికి పోతే నా సోఫాల నేనే చుట్టం లెక్క కూసుంటున్న, ఫిబ్రవరిల ఢిల్లీల బిల్లు పాసైందనంగనే కాలనీల పటాకులు, మిఠాయిలు, నేను గూడ ఎగిరిన, ఎగురుకుంటనే అనుకున్న, ఇగ వీళ్లు పోతరు గదా అని, పోతమని వాళ్లు అనలే, నేనే అనుకున్న, ఇంకెవలన్న ముందు పెడ్తరేమో అని జల్ది కూసొని రాసిన, వీరేందర్ రాత చీమలు పాకినట్టుంటది గనుక నా చేతితోనే రాసిన, సదరు క్వార్టరు వారు రాష్ట్ర విభజన కారణముగా తమ సొంత ప్రాంతమునకు వెళ్లిపోవుచున్నందున, సదరు అనే మాట రాసినందుకు నాకే ముచ్చటైంది, కలెక్టరు లెక్క అనిపిచ్చింది, వీరేందర్ చదవకుంట సంతకం పెట్టిండు, ఇన్సూరెన్సు కాయితం తప్ప అన్నిటికి గట్లనే పెడ్తడు.

అర్జీల కాయితాలల్లకెల్లి ఆఫీసుల ఒక లిస్టు తీస్తరు, ఖాళీ కాబోవు క్వార్టర్లు అని బోర్డు మీద అతికిస్తరు, దాంట్ల నాలుగో పేరు కె. బాబూరావు, కారణం కాడ సదరు వారు సొంత ప్రాంతమునకు, షిఫ్టు దిగి అందరు చూస్తుంటే సారు గూడ చూసిండట, పక్కపొంటి వీరేందర్ ఉన్నడు, సారు కండ్లద్దాలు తీసి తుడిసి మళ్ల చదివిండట, ఎవ్వలను ఏం అడగలే, అడిగితే అవునంటరేమో అని, గుంపుల ఎవ్వలు ఏం అనలే, ఆయనే పోతా అని రాసిచ్చిండనుకున్నరు వాళ్లు, వీళ్లందరు కలిసి పొమ్మన్నరనుకున్నడు ఆయన, అందరు మర్యాదస్తులే, వారం తిరగకముందే సారు ఇంకా రెండేండ్ల సర్వీసు ఉండంగనే ముందస్తు రిటైర్మెంటుకు కాయితం పెట్టిండు, ఆ రాత్రి వీరేందర్ అన్నం కాడ నా మొఖం చూసి, సదరు ఎవలు రాసిన్రే అన్నడు, నేను పచ్చిపులుసు పోసిన, ఈ నెల ముప్పై ఒకటి దాక సారు ఆ రిటైర్మెంటు కాయితం వాపసు తీసుకోవచ్చట, ఇయ్యాల ఇరవై తొమ్మిది, ఇంకో నాలుగు దినాలైతే మన రాష్ట్రం, కాలనీ గేటుకు సీరియల్ లైట్లు కడుతున్నరు, కట్టేటోళ్లు నిచ్చెన గూడ సారు ఇంట్లదే తీసుకపోయిన్రు.

మా అత్త లస్మవ్వ మంచంల కూసొని తమలపాకు నములుతున్నది, కొడుకు చెప్పిండో ఏమో ఆమెకు అంతా ఎరుకే, అరవై తొమ్మిదిల గిట్లనే లొల్లి అయినప్పుడు గా బాబూరావు అయ్యను, పెండ్లాంపిల్లగాండ్లను మనూర్ల మన గడ్డివాముల పదిదినాలు దాసినం, ఆయనకు గడ్డి పడక ఒకటే తుమ్ములు, మీ మామ బయట నిలబడి ఆ తుమ్ములన్ని నాయే అని చెప్తుండె, కట్టెలు పట్టుకొని వచ్చినోళ్లతోని గూడ కాలే వాళ్లను ఎళ్లగొట్టుడు, నీ పెన్నుతోని అయిందే బిడ్డా అన్నది, తిట్టినట్టు గూడ అనలే, ధర చెప్పినట్టు అన్నది, చాట పక్కకు పెట్టి లేచిన, ఏం చెప్తనో తెల్వదు గాని కాళ్లు పోతున్నయి, ఇల్లంతా బోడిగున్నది, గోడలకు క్యాలెండర్ల మచ్చలు, వరండాల నా సోఫా ఒక్కటే కవరు ఏసుకొని కూసున్నది, అక్కా నీకొక్క మాట చెప్పాలె అన్న, చంద్రమతక్క ముడి ఏసుకుంటనే, సదరు సంగతేగా అన్నది.

నీ చేతి రాత నాకు తెలియదా జమునా, మీ అబ్బాయి శివ బడి ఫారాలన్నీ మనిద్దరం కూర్చునే గదా నింపింది, ఆయన కాగితాల పని మీద వెళ్లినప్పుడు ఆఫీసులో ఆ అర్జీ నేను చూశాను, ఆయనకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు అన్నది, ఎందుకక్కా, ఇంకా రెండు దినాలున్నది, కాయితం వాపసు తీసుకోవచ్చు, నేను పోయి కాళ్లు పట్టుకుంట అన్న, ఊరంతా పొమ్మందనుకుంటే ఆయన ఊరిని తిట్టుకుంటూ బతికేస్తాడే, పక్కింట్లోంచే అని తెలిస్తే తట్టుకోలేడు, ఆ మాట అనుకుంట ఆమె ఏడ్సలే, ఏడ్సినా నాకు బాగుండు, పై నుంచి, వాన పడితే వంటింటి పడమటి గోడ కారుద్ది, ఆ పక్క బియ్యం డ్రమ్ము పెట్టుకోకు అని చెప్పింది, మూట ఇంకో కొస నేను పట్టుకున్న, మరి గుంటూరుల ఎవలున్నరక్కా అంటే, ఎవరూ లేరు, మొన్న ఇల్లు చూడటానికి వెళ్తే కొట్టోడు మీరు తెలంగాణానా అండీ అన్నాడు, జల్దీ ఇయ్యి అన్నాన్లే నోరు జారి అని నవ్వింది.

లారీ డ్రైవరు హారను కొట్టిండు, సారు ముందల ఎక్కబోతున్నడు, ఎన్నడు లేంది ఇస్త్రీ అంగీ ఏసుకున్నడు, గీ ఎండల మెడ దాక గుండీలు పెట్టుకున్నడు, పెండ్లికి పోతున్నట్టు పోవాలె అని కావచ్చు, కాలనీల తలుపులన్ని దగ్గరికేసి ఉన్నయి, ఎందుకు, నాకు ఎరుకే, ఎదురింటి సారవ్వ లోపట ఏడుస్తున్నది, పూలమ్మ సకినాల డబ్బా పట్టుకొని తలుపెనక నిలబడ్డది, సారే మన మీద కోపంతోని పోతున్నడు, ఎట్ల ఇయ్యాలె అని పొద్దుగాల నన్నే అడిగింది, నేను ఏం చెప్పిన, ఇప్పుడే వద్దు తియ్యి అన్న, సారు నన్ను చూసి మెట్టు మీదికెల్లి కాలు కిందికి దించిండు, జమునా, రెండొందల ఇండ్లల్ల ఎవ్వలు మొఖం చూపిస్తలేరు చూసినవా, ఈ కాలనీల మమ్మల్ని పొమ్మననిది మీ ఇల్లొక్కటే, గదే యాది పెట్టుకొని పోతున్న అన్నడు, చంద్రమతక్క ఆయన ఎనక నిలబడి నా దిక్కు చూస్తున్నది, చెప్పకు అని కండ్లతోనే, ఆమె మాట నేను ఏనాడన్న కాదన్ననా, పసుపు ఎంతెయ్యాలెనో గూడ ఆమెనే చెప్పేది, సప్పుడు చెయ్యకుంటే అయిపోతది, నా ఇల్లు మంచిదైతది, ఆ మూల ఇల్లు గూడ నాదైతది, ఎన్నేండ్లయినా ఆయన మంచిగనే తలుసుకుంటడు నన్ను, కూరగాయల కాడ గూడ రెండు రూపాయలు ఇడవని దాన్ని, ఇంతకన్న లాభం బేరం నాకెక్కడ దొరుకుతది, గాని నా ఒక్క ఇల్లు మంచిదైతే ఆయనకు రెండొందల ఇండ్లు చెడ్డవైతయి, పుట్టిన ఊరు పోతది, నా ఒక్క ఇల్లు చెడ్డదైతే ఆ రెండొందల ఇండ్లు ఆయనకే మిగుల్తయి, గుంటూరుల ఉన్నా మిగుల్తయి, ఊరు పొమ్మనలే, రాష్ట్రం పొమ్మనలే, పొమ్మన్నది నేనొక్కదాన్నే, ఇది ఆయనకు తెల్వాలె, అక్కా మాఫ్ చెయ్యి, సారూ, జర ఆగుర్రి, ఆ కాయితం రాసింది నేనే.