ఊళ్ళో ఉండాల్సిన బండి

మా సంఘం కారుకు ప్రార్థన ఎప్పుడూ తక్కువ కాలేదు. తక్కువైంది తిరుగుడే.

ఈ మాట ఎలీయాజరు తాతయ్యగారికి చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. నేను ఈ లంక ఊరికి ఏఎన్ఎంని. మాత్ర వేసుకోమంటే వేసుకుంటారు, సూది పొడుస్తానంటే చెయ్యి చాపుతారు, బాటరీ గురించి చెబితే మాత్రం ఒక్కరూ వినరు.

కారు కొన్నది మంచి పనికే. మాది కొల్లేటి గట్టు మీది ఊరు. ఇటు చేపల చెరువులు, అటు చేపల చెరువులు, మధ్యలో ఒక రోడ్డు, దాని నిండా మేత లారీలు. ఫోన్ చేస్తే అంబులెన్సు రాదని కాదు. ఏలూరు నుంచి ఆ లారీలన్నీ తప్పించుకుంటూ వచ్చేసరికి ఇక్కడ ఇంటిల్లిపాదీ ఏడుపు మొదలవుతుంది. అందుకే సంఘమంతా కానుకలు పోగుచేసి, తాడేపల్లిగూడెంలో ఒక పాత తెల్ల కారు కొన్నారు. జబ్బుపడ్డవాళ్ళకు తప్ప ఇంకెందుకూ వాడకూడదని తీర్మానించి, చర్చి పక్కనే రేకుల షెడ్డు వేసి అందులో పెట్టారు. తాళం సంఘ పెద్ద ఎలీయాజరుగారి దగ్గర ఉంటుంది. అవసరమైతే నడపడానికి నేనున్నాను. గూడెంలో నర్సింగ్ చదివేటప్పుడే లైసెన్సు తీసుకున్నాను.

ఇక ఆదివారం తంతు చూడాలి. ఆరాధన అవగానే జనమంతా షెడ్డు చుట్టూ చేరతారు. తాతయ్యగారు చెప్పులు బయట విడిచి, డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పుతారు. ఆయనకు డ్రైవింగ్ రాదు, తాళం తిప్పడం వరకే వచ్చు. ఇంజన్ గుర్రుమనగానే కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ బండిని నీ చేతుల్లో పెడుతున్నాం" అని మొదలుపెడతారు. అందరూ ఆమేన్ అనగానే ఠక్కున కట్టేస్తారు. బండి బ్రహ్మాండంగా ఉందనుకుంటూ జనం ఇళ్ళకు పోతారు.

"తాతయ్యగారూ, స్టార్ట్ చేయడానికే బాటరీలోంచి బోలెడు కరెంటు పోతుందండీ. పోయింది మళ్ళీ ఎక్కాలంటే బండి కాసేపు రోడ్డు మీద తిరగాలి. మీరు వాడుకుంటున్నారే గానీ నింపట్లేదు," అని చెప్పాను.

ఆయన ఆలోచించారు. "పోనీ, ప్రార్థన కొంచెం పొడుగు చేద్దామా అమ్మా?"

నాకు తల బాదుకోవాలనిపించింది. "వారానికోసారి కైకలూరు దాకా వెళ్ళొస్తాను. తాళం ఇవ్వండి."

"నువ్వు కైకలూరులో ఉండగా ఇక్కడ ఎవరికైనా ప్రాణం మీదికొస్తే? బండి ఊళ్ళో ఉండాలమ్మా. అందుకేగా కొన్నాం."

నా మంటల్లా ఇదే. ఆయన మూర్ఖుడైతే హాయిగా పోట్లాడేదాన్ని. ఆయన చెప్పేది సబబుగానే ఉంటుంది, షెడ్డులో బాటరీ మాత్రం చచ్చిపోతూ ఉంటుంది.

భయపడినంతా అయింది. వానలు మొదలైన వారంలోనే మా సంఘంలోని సిల్వియాకు నొప్పులొచ్చాయి. తొలి కాన్పు, పైగా బీపీ ఎక్కువ. ఏలూరు తీసుకెళ్ళాల్సిందే. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి తాళం తిప్పితే టిక్ మంది. మళ్ళీ తిప్పితే అదీ లేదు. మగవాళ్ళంతా కలిసి నెట్టారు. బురదలో చక్రాలు జారి బండి గట్టు అంచుదాకా పోయింది గానీ ఇంజన్ అందుకోలేదు. తాతయ్యగారు బానెట్ మీద చెయ్యేసి ప్రార్థన మొదలుపెట్టారు. నేను రోడ్డుకు అడ్డంగా పరుగెత్తి, ఖాళీ ట్రేలతో పోతున్న చేపల వ్యాను ఒకటి ఆపాను. ఆ నీచు వాసనలో, ట్రేల మధ్య సిల్వియాను పట్టుకుని కూర్చుని ఏలూరు చేరాను. తల్లీ బిడ్డా దక్కారు. అది మా అదృష్టం, కారు గొప్పేం కాదు.

బాటరీని ఏలూరు పంపించి చార్జి పెట్టించారు. అది తిరిగి బిగించిన రోజు సంఘం ముందు నేను గొంతు చించుకున్నాను.

"కదలని బండి ఊళ్ళో ఉంటే ఎంత, లేకపోతే ఎంతండీ! తాళం నా చేతికిస్తారా సరే. లేదంటే ఇంకోసారి ఎవరికి ఏమొచ్చినా నన్ను పిలవకండి!"

పిలిస్తే వెళ్తానని నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. కానీ సిల్వియా బిడ్డను ఎత్తుకుని వచ్చి నా పక్కన నిలబడింది. తాతయ్యగారు ఆ పసిదాన్ని చూసి తల దించుకున్నారు. జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టారు.

"బుధవారం బుధవారం వెళ్ళు. త్వరగా వచ్చెయ్యి," అన్నారు.

అలా వానాకాలమంతా ప్రతి బుధవారం కైకలూరు వెళ్ళొచ్చాను. నేను తిరిగొచ్చేదాకా ఆయన షెడ్డు ముందు ఎండకీ వానకీ నిలబడే ఉండేవారు. ఇంట్లో కూర్చోమంటే వినరు. అదీ నాకు కోపమే. ఈ వయసులో ఆ కాపలా ఎందుకు?

వానలు వెనకబట్టాక ఒక బుధవారం, కైకలూరు పొలిమేరల్లో ఉండగా ఫోన్ మోగింది. చేసింది చర్చిలో గంట కొట్టే మనిషి, విశ్వాసం.

"రూబీగారూ, ఎక్కడున్నారండీ? ఎలీయాజరుగారు పడిపోయారండీ. గుండె పట్టుకుని షెడ్డు ముందే కూలబడ్డారు. ఒళ్ళంతా చెమటలండీ!"

బండి వెనక్కి తిప్పాను. మేత లారీ ఒకటి ముందు పడి ఎంతకీ దారివ్వదు. హారన్ మీంచి చెయ్యి తీయలేదు. లారీని తిట్టాను, రోడ్డును తిట్టాను, ఎండలో నిలబడ్డ ఆ ముసలాయన్ను తిట్టాను. అందరికంటే ఎక్కువ నన్నే తిట్టుకున్నాను. ఇన్నాళ్ళూ ఆయన భయపడింది దీనికే.

ఊరు చేరేసరికి జనం రోడ్డు మీదే ఉన్నారు. ఆయన్ను వెనక సీట్లోకి ఎక్కించారు. ఆస్పిరిన్ నమిలించాను. విశ్వాసం ఆయన తల ఒళ్ళో పెట్టుకున్నాడు. బండి ఏలూరు దారి పట్టాక వెనక నుంచి సన్నగా గొంతు వినిపించింది.

"నే చెప్పలేదా రూబీ? బండి ఊళ్ళో లేదు."

ఒళ్ళు మండిపోయింది. "ఉండుంటే టిక్ మనేదండీ! వారం వారం తిరిగింది కాబట్టే ఇవాళ పరుగెడుతోంది!"

"అదీ నిజమే," అన్నారాయన.

ఆయన మాటా నిజమే, నా మాటా నిజమే. ఇద్దరి నిజాల మధ్యా ఆయన గుండె నలుగుతోంది. బండి వేగం పెంచాను.

ఏలూరు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఈసీజీ చూసి, ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు. మందు ఎక్కించారు. కాసేపటికి నొప్పి తగ్గింది, ఆయన ముఖంలోకి రంగొచ్చింది. మంచం పక్కన స్టూలు లాక్కుని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఆయన చెయ్యి విడిపించుకున్నారు.

"ఇక్కడ కూర్చున్నావేంటమ్మా? బండేదీ?"

"బయటే ఉందండీ."

"మరి ఊళ్ళో?"

ఆయన ఏమంటున్నారో అర్థమయ్యేసరికి నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "మిమ్మల్ని ఇలా వదిలేసి ఎలా వెళ్ళనండీ?"

"నాకిక్కడ డాక్టరున్నాడు, విశ్వాసం ఉన్నాడు. అక్కడ వాళ్ళకెవరున్నారు? మన సత్యవేదంగారి కోడలికి నెలలు నిండాయని నువ్వే చెప్పావుగా. వెళ్ళు."

పోట్లాడాను. బతిమాలాను. ఆయన అటు తిరిగి కళ్ళు మూసుకున్నారు. నేను వెళ్ళేదాకా ఆ కళ్ళు తెరవరని తెలిసి, బయటికొచ్చి బండెక్కాను. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. కొల్లేటి రోడ్డు పొడుగునా ఆయన్ను తిడుతూ, కళ్ళు తుడుచుకుంటూ నడిపాను.

షెడ్డు దగ్గర జనం ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. ఖాళీ సీటు చూసి సిల్వియా అదిరిపడింది.

"అదేంటక్కా, తాతయ్యగారిని వదిలేసి వచ్చేశావా?"

"నేను రాలేదు," అన్నాను. "మీకోసం తరిమేశారు."