పచ్చ పొట్లం కాపలా

"పసుపు పొట్లం తెచ్చావేంటమ్మాయ్? పసుపుది పెడితే మిషను అలుగుతుంది. పచ్చది తే, కొబ్బరి రుచిది తే అని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

అత్తగారు ఆ మాట ఫ్యాక్టరీ గుమ్మంలో నిలబడి, లేత్‌ల దగ్గరున్న ఆడవాళ్లందరికీ వినపడేలా అంది. పెయ్‌జెన్ ఒక చేతిలో పళ్ల బుట్ట, ఇంకో చేతిలో అగరొత్తుల కట్ట ఉన్నాయి. ఆ రోజు చాంద్రమాసంలో పదహారోనాడు. లూకాంగ్ ఊళ్లో వ్యాపారం చేసే ప్రతివాళ్లూ ఆ మధ్యాహ్నం గుమ్మం ముందు బల్ల వేసి, పళ్లూ బిస్కట్లూ పెట్టి, నేలదేవుడికి దండం పెట్టుకుని కాగితపు డబ్బు తగలబెడతారు. క్వో వాళ్ల కుళాయిల ఫ్యాక్టరీలో దానికి ఇంకొకటి తోడు. ఆఫీసు మూలగదిలో, లెక్కలూ డ్రాయింగులూ దాచుకున్న పెద్ద కంప్యూటర్ నెత్తిన చిరుతిండి పొట్లం ఒకటి పెట్టాలి. పచ్చదైతే మిషను సవ్యంగా నడుస్తుందట. పసుపుదైతే ఆగిపోతుందట.

"కొట్లో పచ్చవి అయిపోయాయమ్మా. ఈ పూటకి ఇది..."

"ఈ పూటకి నీకు అన్నం పెట్టకుండా గడ్డి పెడితే ఊరుకుంటావా? పో, ఇంకో కొట్లో చూడు."

లేత్ దగ్గరున్న ఆవిడ ఒకతె కిసుక్కున నవ్వి, మళ్లీ తల వంచుకుంది. పెయ్‌జెన్ స్కూటర్ తాళాలు తీసుకుంది.

ఆ పొట్లం మీద రాసి ఉండే పేరుకి అర్థం బుద్ధిగా ఉండమని. పిల్లల్ని ఒళ్లో కూచోబెట్టుకుని అనే మాట. ఆ దేశమంతటా దాన్ని మిషన్ల మీద బ్యాంకుల్లో పెడతారు, ఆసుపత్రుల్లో పెడతారు, బాగా చదువుకున్న ఇంజనీర్లు కూడా పెడతారు. పెళ్లయి వచ్చిన కొత్తలో పెయ్‌జెన్‌కీ అది ముచ్చటగానే ఉండేది. అయితే మిగతాచోట్ల కాపలా అంతా పెట్టుకున్నాక, పైన ఒక పొట్లం కూడా పెట్టుకుంటారు. తన ఇంట్లోవాళ్లు పొట్లం పెట్టుకుని కాపలా తీసేశారు. స్కూటర్ మీద ఎండలో పోతూ ఆమె అదే అనుకుంది. అనుకోవడం ఆమెకి అలవాటు. అనడమే అలవాటు తప్పింది.

కాపలా తీసేసిన రోజు ఆమెకి బాగా గుర్తు. వైరస్‌ని ఆపే సాఫ్ట్‌వేర్ గడువు తీరబోతోందని, దాన్ని కొనసాగించాలని, డ్రాయింగులకి ఇంకో నకలు ఫ్యాక్టరీ బయట ఎక్కడన్నా పెట్టుకుంటే మంచిదని ఆమె మొగుడు యుంగ్‌షాన్‌కి చెప్పింది. ఆయన అప్పుడు ముందుగదిలో ఇత్తడి అమ్మేవాళ్లతో టీ తాగుతున్నాడు. నలుగురు మనుషులు మోసుకొచ్చిన కొత్త రాతి టీబల్ల అది, వచ్చి వారం కాలేదు. ఆయన చిన్న కప్పులో టీ పోస్తూ, ఆమెకి కాదు, వచ్చినవాళ్లకి జవాబు చెప్పాడు. "మా ఆవిడ కంప్యూటర్ చదువు చదివిందిలెండి. దానికి ఎప్పుడు చూసినా దొంగలే కనపడతారు. కుళాయి డ్రాయింగు ఎత్తుకుపోయి ఎవడేం చేసుకుంటాడయ్యా, చెవికి పెట్టుకుంటాడా?" అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక ఆమె వైపు తిరిగి, "ఇన్నేళ్లలో ఏమన్నా అయిందా? కాలేదు కదా. కానిదానికి ఖర్చేంటి?" అన్నాడు. ఏమీ కాకపోవడమే తన పని అని, తను చేస్తున్నందువల్లే ఏమీ కాలేదని, అది నలుగురిలో ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు. ఇల్లు ఊడిస్తే కనపడదు, ఊడవకపోతే కనపడుతుంది. ఈ పనీ అలాంటిదే. ఆమె ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి పోయింది.

నిజానికి ఆ చదువే ఆమెని ఈ మూలగదిలో పడేసింది. తైచుంగ్‌లో ఒక కంపెనీలో నెట్‌వర్క్ చూసే ఉద్యోగం ఉండేది ఆమెకి. మెడలో ఫొటో ఉన్న బిళ్ల వేలాడేది, నెలాఖరుకి తన పేరన జీతం పడేది. పెళ్లయ్యాక యుంగ్‌షాన్ అన్నాడు, "ఇంట్లో ఫ్యాక్టరీ పెట్టుకుని బయటివాళ్లకి చాకిరీ దేనికి?" అని. బయటివాళ్లకి చేసింది ఉద్యోగం, ఇంట్లోవాళ్లకి చేసేదే చాకిరీ అని తేలడానికి ఆమెకి ఏడాది పట్టలేదు. పొద్దున్నే అత్తగారికి షుగరు పరీక్ష చేసి, గంజి కాచి, పిల్లని బడికి దింపి, ఫ్యాక్టరీ షట్టరెత్తడం. జీతాల లెక్క, పన్నుల లెక్క, జపాన్ కొనుగోలుదారులకి ఉత్తరాలు, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం, మధ్యాహ్నం పనివాళ్ల భోజనం డబ్బాలు పంచడం, వియత్నాం నుంచి పనికొచ్చిన పిల్లలకి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం. మధ్యలో కంప్యూటర్లు. అందరూ ఆమెని యజమానమ్మ అని పిలుస్తారు. ఆ పిలుపొక్కటే ఆమెకి ముట్టేది. ఒకసారి ధైర్యం చేసి జీతం మాటెత్తింది. "ఇంటి మనిషికి జీతమేంటే? ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో వేసుకోవడమా?" అన్నాడు యుంగ్‌షాన్. రెండు జేబులూ ఆయన చొక్కావే. అత్తగారు మాత్రం, "నాకెవరిచ్చారమ్మాయ్ జీతం?" అంది. ఆ ఒక్కసారే ఆవిడ గొంతులో కోపం కాకుండా ఇంకేదో వినపడింది. మరుక్షణం, "పులుసులో ఉప్పెక్కువైంది" అంది.

కిందటి వసంతంలో కూతురు బడి కాగితం నింపుతూ అడిగింది. "అమ్మా, నువ్వేం చేస్తుంటావని రాయను?"

పెయ్‌జెన్ నోరు తెరిచేలోపే తండ్రి పేపరు వెనకనుంచి అన్నాడు. "ఏం చేస్తుందీ, ఇంట్లో ఉంటుందని రాయి."

పిల్ల అలాగే రాసింది. గుండ్రటి అక్షరాలతో, చక్కగా.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బివ్వనన్నాక పెయ్‌జెన్ ఇంటి ఖర్చులో మిగిల్చి ఒక చిన్న డిస్క్ కొంది. రోజూ సాయంత్రం పెద్ద కంప్యూటర్‌కి దాన్ని తగిలించి, డ్రాయింగులన్నీ దాంట్లోకి ఎక్కించి, పీకి సొరుగులో పెట్టేది. అలా పీకెయ్యడంలోనే ఉంది కిటుకంతా. తగిలించి ఉంచితే, మిషన్లోకి దూరినవాడు డిస్క్‌లోకీ దూరతాడు. ఒక పదహారోనాడు అత్తగారు అగరొత్తులు పట్టుకుని వచ్చేసరికి ఆమె ఆ వైరు పీకుతోంది. ముసలావిడ గుండెలు బాదుకుంది. "పొట్లం పెట్టి దండం పెట్టుకున్నాక దాన్ని అంటిపెట్టుకున్నది ఏదీ పీకకూడదు! పాలు తాగే పిల్లాణ్ణి లాగినట్టు లాగుతావేంటి?" పెయ్‌జెన్ విడమరిచి చెప్పబోయింది. యుంగ్‌షాన్ వచ్చి, ఇద్దరి మాటా విని, "అమ్మ మనసు కష్టపెట్టడం ఎందుకే? తగిలించే ఉంచితే నీకూ పని తగ్గుతుంది కదా" అని, టేపు తెచ్చి డిస్క్‌నీ పొట్లాన్నీ కలిపి మిషన్‌కి అంటించేశాడు. ఇద్దర్నీ సంతోషపెట్టానని ఈల వేసుకుంటూ వెళ్లాడు.

ఆమె ఇంకో డిస్క్ కొంది. శనివారాలు తల్లీకొడుకులు గుడికి పోయినప్పుడు నకలు తీసి, కూరగాయల సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకుని, ఎండు పుట్టగొడుగుల డబ్బాలో పెట్టేది. సొంత ఫ్యాక్టరీలో దొంగలా మసలడం ఆమెకి నవ్వూ తెప్పించేది, ఏడుపూ తెప్పించేది.

పచ్చ పొట్లం కోసం ఆమె ఎండలో తిరుగుతున్న ఈ పదహారోనాడే అది జరిగింది. జపాన్ వాళ్ల పేరుతో ఒక మెయిలు వచ్చింది. డ్రాయింగు మార్చాం, వెంటనే తెరిచి చూడండి అని. అలాంటివి వస్తే తెరిచేముందు వాళ్లకి ఫోన్ చేసి కనుక్కోమని పెయ్‌జెన్ గోడమీద రాసి అంటించింది కూడా. యుంగ్‌షాన్ దాన్ని ఎప్పుడో చించేశాడు. "సరుకు కొనేవాళ్లకి ఫోన్ చేసి, ఇది నువ్వేనా అని అడుగుతామా? వాళ్ల ముఖం మీద ఉమ్మినట్టు ఉండదూ?" అనేవాడు. ఆయన పెద్ద కంప్యూటర్ ముందు కూర్చుని తెరిచాడు. ఏదో హెచ్చరిక వస్తే అదీ నొక్కేశాడు. ఏమీ కనపడకపోయేసరికి లేచి టీ తాగడానికి పోయాడు. పెయ్‌జెన్ తిరిగొచ్చి, అప్పటికే చేటు జరిగిపోయిన మిషన్ నెత్తిన కొత్త పొట్లం పెట్టింది. అత్తగారు తృప్తిగా దండం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న ఏ తెర చూసినా ఒకటే మాట. మీ ఫైళ్లన్నింటికీ తాళం వేశాం, డబ్బు పంపితే తీస్తాం అని. యుంగ్‌షాన్ పరుగెత్తుకొచ్చి మొట్టమొదట అన్న మాట, "ఏం చేశావే నువ్వు?"

టేపు వేసి అంటించిన డిస్క్‌కీ తాళం పడింది. డ్రాయింగు లేకపోతే అచ్చు పడదు, లేత్ కదలదు. పనివాళ్లు బోర్లించిన డబ్బాల మీద కూర్చుని ఆఫీసు గది వైపు చూస్తున్నారు. నిన్న నవ్విన ఆవిడ కూడా వాళ్లలో ఉంది. ఆవిడ మొగుడు మంచంలో ఉన్నాడు, ఆవిడ కూలి ఆగితే ఆ ఇల్లు ఆగుతుంది. పెయ్‌జెన్ ఒక్క క్షణం ఆలోచించింది. పుట్టగొడుగుల డబ్బా సంగతి ఎవరికీ తెలియదు. తెలియకుండానే ఉంచొచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమె సిగ్గుపడలేదు, కానీ దాన్ని పట్టుకుని కూర్చోనూ లేదు. ఇంటికి పోయి డిస్క్ తెచ్చింది. కంప్యూటర్లలో ఉన్నదంతా చెరిపేసి, మొదటినుంచి నిలబెట్టి, డ్రాయింగులు ఎక్కించింది. అన్నం పక్కన పెట్టుకుని తిన్నది తిన్నట్టు, వదిలింది వదిలినట్టు. లేత్‌లు మళ్లీ మోగాయి.

మోగగానే అత్తగారు ఉడికించిన కోడిని పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. "చూశావా, పచ్చది పెట్టబట్టి ఇంతటితో పోయింది! పసుపుదే పెట్టి ఉంటే?" అని కళ్లు తుడుచుకుంది. యుంగ్‌షాన్ కంప్యూటర్‌ని గుర్రాన్ని తట్టినట్టు తట్టాడు. తర్వాత ఆ చిన్న డిస్క్‌ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదెక్కడిది?"

"నేనే చేసి ఉంచాను, ఇంట్లో."

"అంటే ఇన్నాళ్లూ నాకు చెప్పకుండా ఫ్యాక్టరీ గుట్టంతా సంచిలో మోసుకుపోతున్నావన్నమాట. ఇంకెవరికన్నా ఇచ్చావా?"

ఆమె ఆయన ముఖం వైపు చూసింది. ఆయన నిజంగానే అడుగుతున్నాడు.

కథ అక్కడితో తీరలేదు. ఆ దొంగలు క్వో వాళ్ల పేరుతో జపాన్ వాళ్లకీ మెయిళ్లు పంపారు. వాళ్లు కంగారుపడి తైపేలోని తమ మనిషి లియావ్‌ని పంపుతామన్నారు. ఆయన వచ్చి చూసి, ఇక్కడ బాధ్యత ఎవరిదో తేల్చి రాస్తేనే ఆర్డర్లు సాగుతాయి. లియావ్ వచ్చే రోజు పొద్దున్న యుంగ్‌షాన్ వంటింట్లోకి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి.

"పెయ్‌జెన్, ఒక్క మాట. ఆ మెయిలు నేనే తెరిచానని చెప్పు. తొందరలో నొక్కేశాను, తప్పయిపోయింది, క్షమించండి అని రెండుసార్లు వంగు. చాలు."

"నేను తెరవలేదుగా."

"తెలుసే. కానీ బాస్ నొక్కాడంటే ఈ ఫ్యాక్టరీ ముఖం ఏమవుతుంది? ఆడవాళ్లు పొరపాటు చేశారంటే ఎవరైనా నవ్వి వదిలేస్తారు. నీకు పోయేదేముంది చెప్పు?"

ఆయన వెళ్లాక ఆమె కుళాయి కట్టకుండా అలాగే నిలబడింది. నీకు పోయేదేముంది. మాట మొరటుగా అన్నది కూడా కాదు, బతిమాలుతూ అన్నది. నిజమే కదా. జీతం లేదు, ఆగడానికి. పదవి లేదు, ఊడడానికి. మెడలో బిళ్ల లేదు, లాక్కోవడానికి. మిగిలింది ఒకటే, పని తెలిసిన మనిషినని తనకి తను చెప్పుకునే మాట. అది ఎవరికీ కనపడదు కాబట్టి అది పోయినా ఎవరికీ కనపడదు. లియావ్ కంప్యూటర్ల మనిషి. ఆయన తన కాగితంలో క్వో పెయ్‌జెన్ నిర్లక్ష్యం అని రాసుకుపోతాడు. ఆ చదువు మీద, తైచుంగ్‌లో గడిపిన ఆ నాలుగేళ్ల మీద, సాయంత్రం సాయంత్రం వైరు పీకిన ఆ చేతుల మీద అదే ఆఖరి మాట అవుతుంది. తన పేరు ఒక కాగితం మీదికి ఎక్కడం ఇన్నేళ్లలో ఇదే మొదలు. అదీ తప్పు మోయడానికి.

లియావ్ సన్నగా, కళ్లద్దాలతో, మాట నెమ్మదిగా ఉండే మనిషి. మూలగదంతా చూశాడు. పొట్లాన్ని చూసి నవ్వలేదు, వాళ్ల ఆఫీసులోనూ ఉందన్నాడు. మిషన్లు తిరిగి నిలబెట్టిన తీరు చూసి మాత్రం తల పంకించాడు. రాతి టీబల్ల దగ్గర కూర్చున్నాక పెన్ను తీశాడు.

"క్వో గారూ, మీ దగ్గర కంప్యూటర్ల బాధ్యత ఎవరిది?"

యుంగ్‌షాన్ నవ్వాడు. టీ పళ్లెంతో నిలబడ్డ పెయ్‌జెన్ వైపు గడ్డంతో చూపించాడు. "ఇంకెవరిది, మా ఆవిడదే. తీరికున్నప్పుడు చూస్తుంటుంది. మొన్నటి పొరపాటు కూడా... చెప్పవే, ఆయనకి నువ్వే చెప్పు."

అత్తగారు తలుపు దగ్గర నిలబడి కోడల్నే చూస్తోంది.

పెయ్‌జెన్ పళ్లెం దించింది. వంగలేదు. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ బల్ల దగ్గర ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"లియావ్ గారూ, ఆ మెయిలు తెరిచింది మా ఆయన. కాపలా సాఫ్ట్‌వేర్ దండగని మానిపించిందీ ఆయనే. ఇక నా సంగతంటారా, నేను ఈ ఫ్యాక్టరీలో పనిచేయడం లేదు. ఇక్కడి జీతాల పట్టీలో నా పేరు చూపించమని ఆయన్నే అడగండి."

యుంగ్‌షాన్ చేతిలో టీ కూజా గాలిలో ఆగిపోయింది. "ఏయ్, ఏంటా మాటలు? బయటివాళ్ల ముందు..."

లియావ్ ఆయన వైపు చూడలేదు. పెన్ను కాగితం మీదే ఉంచి ఆమెని అడిగాడు. "మరి ఇదంతా తిరిగి నిలబెట్టింది ఎవరమ్మా?"

"బయటి మనిషి" అంది పెయ్‌జెన్. "కబురు చేస్తే వస్తుంది. ఊరికే మాత్రం రాదు."