ఆఫ్ చేసిన వాగు

పొద్దున ఆరున్నరకల్లా ఎర్రమంజిల్ క్వార్టర్స్ వాళ్ళు బిందెలతో మేడ మెట్ల మీద లైను కట్టేవాళ్ళు. మూడో అంతస్తులో సర్కారుకు మ్యాపులు గీసిపెట్టే ప్రైవేటు ఆఫీసు ఉంది. గోడంత కాగితాల మీద మ్యాపులు అచ్చేసే ప్లాటర్ కింద అటెండర్ సారయ్య బకెట్టు పెట్టేవాడు. కొండ మ్యాపు తీస్తే వాగు గీత వెంబడి నీళ్ళు కారేవి. చల్లటి నీళ్ళు, ఇప్పపూల వాసన. నల్లా రోజు విడిచి రోజు వచ్చే కాలం, ఇదేమిటని ఎవరడుగుతారు?

ఆ మ్యాపు గీసింది స్వరాజ్యం. అమీర్‌పేటలో మూడు నెలలు కంప్యూటర్ మీద మ్యాపులు గీసే ఆటోక్యాడ్ నేర్చుకుని, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నలుగురితో గది పంచుకుంటూ ఈ ఉద్యోగం పట్టింది. కొండకు సొరంగం తొలిచి నీళ్ళను నగరానికి మళ్ళించే ప్రాజెక్టు అది. అద్దాల మేడలకు దాహం వేసింది. మేడకు దాహం వేస్తే దాన్ని అభివృద్ధి అంటారు. ఆ కొండ కిందే ఆమె ఊరు, ‘దున్నేవాడిదే భూమి’ అని గోడల మీద రాసుకున్న ఊరు. వాగు తడిపే రెండెకరాల తరి పొలం ఆమె తండ్రి ఓదెలుది. ఆ రాతలు చూసే బిడ్డకు స్వరాజ్యం అని పేరు పెట్టుకున్నాడు.

"స్వరాజ్యం గారూ, వాగు లేయర్ ఆఫ్ చేయండి. పొలాల పచ్చరంగు కూడా. కొండ కింద అంతా బంజరని రిపోర్టు ఇస్తున్నాం," అన్నాడు మేనేజర్ హనుమత్ప్రసాద్.

"సార్, అక్కడ తరి ఉంది. మా నాయిన..."

"డిలీట్ చేయమనడం లేదుగా అమ్మా. ఆఫ్, అంతే. కావాలంటే మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు. వచ్చే నెల మీ పర్మినెంట్ లెటర్ మీద సంతకం పెట్టేది నేనే, గుర్తుంది కదా?"

నిజమే కదా అనుకుంది. లేయర్ ఆఫ్ చేస్తే అందులోని గీత కనపడదు గానీ ఫైల్లోనే ఉంటుందని కోర్సులో మొదటి వారమే చెప్పారు. మౌస్ నొక్కింది. పన్నెండు కాపీలూ పొడిగా వచ్చాయి. సంతకాలు పడ్డాయి.

మర్నాడు ఓదెలు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు.

"బిడ్డా, వాగు లేదు."

"ఎండిపోయిందా నాయినా?"

"ఎండితే ఇసుకన్న ఉండాలె గద. అది పారిన జాగనే లేదు. పొద్దున లేసి చూస్తే కొండ కాడికెల్లి రోడ్డు దాక అంత ఒక్క తీరు బీడు. నాటేసిన పొలం సుత లేదు."

స్వరాజ్యం పరుగున పోయి లేయర్ ఆన్ చేసి ప్రింటు తీసింది. బకెట్టు నిండింది. మెట్ల మీద బిందెలు కదిలాయి. "ఆన్ చేసుకోవచ్చన్నానుగా," అని నవ్వాడు హనుమత్ప్రసాద్. ఊళ్ళో మాత్రం చుక్క రాలేదు. సంతకం పడ్డ కాపీలో లేనిది ఊళ్ళోనూ లేదు. బంజరుకు పరిహారమూ లేదు.

ఓదెలు పంజగుట్టలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ అయ్యాడు. పర్మినెంటు అయిన స్వరాజ్యానికి రోజూ పొద్దున లేయర్ ఆన్ చేసి ప్రింటు తీయడం డ్యూటీ అయింది.

ఒకరోజు సారయ్య రాలేదు. బకెట్టు దగ్గర ఆమే నిలబడి నీళ్ళు ముంచి పోస్తోంది. లైన్లో బిందె లేకుండా ఒక మనిషి వచ్చి దోసిలి పట్టాడు. తలెత్తకుండానే పోసింది. ఆ చేతులు చూశాక తలెత్తింది.

ఓదెలు దోసిలి ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. వాసన చూశాడు. తాగలేదు.

"ఏమండీ, ఇది క్వార్టర్స్ వాళ్ళ లైను. వాచ్‌మన్లకి కాదు," అంది వెనక నిలబడ్డ జానకీదేవి. "ఏంటమ్మా స్వరాజ్యం, ఈయన నీకు తెలుసా?"

స్వరాజ్యం చెయ్యి మెడలోని ఐడీ కార్డు మీదికి పోయింది.

ఓదెలు ఆ కార్డునే చూశాడు.

"తెల్వదమ్మా," అన్నాడు. "మేడంకు నేనెట్ల తెలుస్త?"

దోసిట్లో నీళ్ళు జానకీదేవి బిందెలోకి వదిలేశాడు.

"తరి మొత్తం తీస్కున్నరు. గీ దోసెడు నేనేం జేస్కోను? మీరే పోస్కోన్రి."

ఆయన మెట్లు దిగిపోయాడు. లైను ఒక మెట్టు పైకి జరిగింది.