నోరెత్తకూడని కారు

కారులో ముగ్గురుంటే టోలు కట్టకుండా ఎక్స్‌ప్రెస్ లేన్‌లో దూసుకుపోవచ్చు. అందుకే వర్జీనియాలో రోజూ పొద్దున్నే ఆఫీసుకెళ్లే లోరెట్టా అనే ఆవిడ కార్ల పార్కింగ్ దగ్గర వరసలో నిలబడితే, ఎవరో ఒకరు ఎక్కించుకుని వాషింగ్టన్‌లో దింపేవారు. పైసా అడగరు. కాకపోతే, కారు నడిపేవాళ్లు పలకరించనిదే ఎక్కినవాళ్లు నోరెత్తకూడదు.

పందొమ్మిదేళ్లలో ఎర్ర కారు పెద్దాయన పక్కన ఆమె ఎన్నిసార్లు కూర్చుందో లెక్కలేదు. ఆయన పేరైనా తెలియదు. ఇవాళ దిగబోతూ ఆమె కట్టుబాటు తప్పింది.

"ఇవాళ్టితో రిటైరవుతున్నానండీ. వానైనా మంచైనా వేళకి చేర్చారు. మీ మేలు మరిచిపోను."

ఆయన మొహం చిట్లించాడు. "బాగానే ఉందమ్మా! మరి రేపట్నుంచి నేనెవరి పక్కన నోరు మూసుకుని కూర్చోవాలి?"