సున్నా లేని స్కేలు

నేను ఒక ప్లాస్టిక్ స్కేలును. నేను అబద్ధమాడలేదన్న శుభవార్త పోస్ట్‌మ్యాన్ చేతిమీదుగా వచ్చింది.

"ఐదు కార్డులమ్మా, ఒక్కసారే! అయ్యగారికి ఇంకేటీ పన్లేదేటి?" అన్నాడతను.

హైమవతి గుమ్మంలోనే చదివేసింది. భర్త త్రినాథ్‌కు విశాఖ బదిలీ అయింది. సర్వే సామాన్ల లారీలోనే గౌహతి నుంచి వస్తూ దారిలో రోజుకో కార్డు రాశాడు. నిన్న కటక్‌లో రాసిన చివరి కార్డులో, 'ఎల్లుండి పొద్దున్నే ఇంట్లో ఉంటాను' అని ఉంది.

నేను పుట్టినప్పుడు ముప్పై సెంటీమీటర్లు. హైమ తమ్ముడు నాతో కత్తియుద్ధం చేసి మొదటి సెంటీమీటరు విరగ్గొట్టాడు. అప్పటినుంచి ఆమె ఒకటి దగ్గర మొదలుపెట్టి, చివర్లో ఒకటి తీసేస్తుంది. మనుషులు తామే విరగ్గొట్టి, తామే అనుమానిస్తారు.

పెళ్లయిన పద్నాలుగో రోజునే త్రినాథ్ వెళ్లిపోయాడు. హైమ అట్లాసు తెరిచి గౌహతి ఎంత దూరమో నాతో రోజూ కొలిచేది. పన్నెండున్నర సెంటీమీటర్లు. ఏ రోజూ తగ్గలేదు.

తర్వాత హైమ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు క్వేజార్ అనే, చుక్కలా కనిపించే మహా వెలుగు వచ్చింది. ఎక్కడో విశ్వం అంచున ఉన్న దాని నుంచి ఎగజిమ్మే వాయుధారలో వెలిగే ఒక చిన్న ముద్ద. మూడేళ్ల తేడాతో తీసిన రెండు రేడియో టెలిస్కోపు పటాల మీద అదెంత జరిగిందో నాతో కొలిచింది. లెక్క వేస్తే, మూడేళ్లలో ఇరవై కాంతి సంవత్సరాలు! కాంతినే మించిన పరుగు.

"స్కేలుకు సున్నా లేదు, లెక్కకు బుద్ధి లేదు," అని నవ్వారు ప్రాజెక్టు గైడు గోవర్ధన్ సార్. "ఎందుకిలా వచ్చిందో శుక్రవారంలోగా నువ్వే చెప్పాలి. లేదంటే వేరే ప్రాజెక్టు చూసుకో."

ఆమె నన్ను సొరుగులో పడేసింది. నాలుగు రోజులు చీకట్లో, ఒక తుప్పు పట్టిన గుండుసూదితో గడిపాను. అదీ మాట్లాడేది కాదు.

ఇవాళ సొరుగు తెరుచుకుంది. బల్ల మీద ఐదు కార్డులు వరసగా ఉన్నాయి.

"చూశావా? మొదటి కార్డుకి ఐదు రోజులు పట్టింది, చివరిదానికి ఒక్కరోజే," అంది నాతో. "ఆయన ఉత్తరాల వెనకాలే వచ్చేస్తున్నాడుగా! ఇవి అందిన తేదీ ఒక్కటే చూస్తే, గౌహతి నుంచి కటక్‌కి ఎగిరొచ్చాడనుకోవాలి. ఆ ముద్దా అంతే. కాంతికి కాస్త తక్కువ వేగంతో, కొంచెం పక్కకి, ఎక్కువగా మనవైపే వస్తోంది. తర్వాత బయల్దేరిన వెలుగుకి దారి తక్కువ, అందుకే ఎన్నో ఏళ్ల పరుగు మనకి మూడేళ్లలోనే అయినట్టు కనిపించింది. నీ కొలత తప్పు కాదే!"

ఆ ముద్ద ఇప్పుడెక్కడుందో, అసలుందో లేదో ఎవరికీ తెలియదు. అది వస్తోందని తలుపు తీసి ఎదురుచూసేవాళ్లూ లేరు. రేపటినుంచి అట్లాసు ముందు నాకూ పని ఉండదు.

హైమ నన్ను కొంగుతో తుడిచి, చేతిసంచిలో పెట్టుకుంది.

"రేపు పొద్దున్నే ఆయనకి పెసరట్లు వేసిపెట్టి, ముగ్గురం కలిసి సార్ దగ్గరికి వెళ్దాం," అంది.