ఇసుక రంగు పిస్టల్

పిస్టల్‌కి ఇసుక రంగు వేయించడమే పొరపాటైపోయిందని త్రివేణి రెండు వారాలుగా ఇల్లెగిరేట్టు చెబుతూనే ఉంది. వినేది ఇద్దరే, మొగుడు శశికాంత్, అత్తగారు రాజేశ్వరమ్మ. పదిమందికి సరిపడా విన్నారు పాపం.

అమెరికాలోని కమ్మింగ్ ఊళ్లో తక్కిన తెలుగు ఆడవాళ్లు జుంబాకి వెళ్తుంటే, ఈవిడ సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాదే గురిచూసి అట్టలకి చిల్లులు పొడిచే క్లబ్బులో చేరింది. ఈ ఆదివారం పోటీలో నెగ్గితే క్లబ్బు టీమ్‌లో మిగిలిన ఒక్క చోటూ ఆమెదే. దానికోసం ఐదేళ్లుగా ఆదివారం నిద్ర మానుకుంది. సరిగ్గా ఇప్పుడే పిస్టల్ మొండికేసింది.

పేల్చగానే పైభాగం, అదే స్లైడు, వెనక్కి వెళ్లాలి. రికాయిల్ స్ప్రింగు తోస్తే మళ్లీ ముందుకొచ్చి మూసుకోవాలి. ఇది వెనక్కి బాగానే వెళ్తుంది, వచ్చేటప్పుడు గోరంత దూరంలో ఆగిపోతుంది. రంగు వేయించకముందు ఒక్కసారీ ఇలా ఆగలేదు. ఇంకేం, తప్పంతా ఆ రంగు వేసిన ముసలాయనదేనని తేల్చేసి, ఫోన్‌లో ఆయన్ని కడిగి పారేసింది. పూత వల్ల సందులు వెంట్రుకవాసి ఇరుకవుతాయి గానీ ఇచ్చేముందు తను స్లైడు లాగి చూశానని, స్ప్రింగుకి అసలు రంగే తగలనివ్వలేదని ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఈవిడ వింటేగా!

కొత్త స్ప్రింగు వేసింది. ఆగింది. ఇంకాస్త గట్టిది వేసింది. అదీ ఆగింది. ఆఫీసులో ఒకరి తప్పులు వెతికి పెట్టడమే ఆమె ఉద్యోగం. అలాంటిదాన్ని జానెడు లేని స్ప్రింగు ఏడిపించింది.

శుక్రవారం సాయంత్రం మూడో స్ప్రింగు పోస్టులో వచ్చింది. దాన్ని వంటింటి బల్లమీద పెట్టి, చేతులు కడుక్కుని ఇటు తిరిగేసరికి రాజేశ్వరమ్మ గంధం గిన్నె పట్టుకుని స్ప్రింగుకి శ్రద్ధగా బొట్టు పెడుతోంది. కొత్త వస్తువు కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. మైక్రోవేవ్‌కీ పెట్టింది, వైఫై డబ్బాకీ పెట్టింది.

త్రివేణికి ఎక్కడో అనుమానం కొట్టింది. "అత్తయ్యా, ఇంతకుముందు కూడా పెట్టారా?"

"దసరాకి పెట్టాను కదమ్మా. రంగేయించి తెచ్చిన మర్నాడు ఆయుధపూజకని నువ్వే విడదీసి పళ్లెంలో పెట్టావు. స్ప్రింగులో దూరే కడ్డీకి మాత్రం కాస్త దట్టంగా రాశాను. పనంతా దానిమీదే నడుస్తుందన్నావుగా."

త్రివేణి పరుగున వెళ్లి, పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, కడ్డీ బయటికి తీసి గోటితో గీకింది. ఇసుక రంగు పొడి రాలింది. వాసన చూస్తే శుభ్రమైన గంధం! పూతదీ గంధానిదీ ఒకటే రంగు కావడంతో రెండు వారాలు కళ్లెదుటే ఉండి కనపడలేదు. స్లైడులో కడ్డీ దూరే రంధ్రం అసలే పూతతో ఇరుకైంది, అందులో అట్టకట్టిన గంధం. కడ్డీ ఎలా జారుతుంది? స్ప్రింగులు మార్చిందే గానీ కడ్డీ వంక సరిగ్గా చూసిందెప్పుడు!

నీ మంచికే పెట్టానంటూ రాజేశ్వరమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. త్రివేణికి నవ్వు ఆగలేదు. కూలబడి మరీ నవ్వింది. పాత టూత్‌బ్రష్షుతో తోమి, తుడిచి, చుక్క నూనె వేసి బిగిస్తే స్లైడు టక్కున మూసుకుంది. ముసలాయనకి ఫోన్ చేసి సిగ్గుపడుతూ సారీ చెప్పింది. ఆయన పగలబడి నవ్వి, ఆ గంధమేదో తనకూ కాస్త పంపమన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం త్రివేణి తిరిగొచ్చేసరికి రాజేశ్వరమ్మ గుమ్మంలోనే ఉంది. పొద్దుటినుంచీ అన్నం ముట్టలేదని శశికాంత్ వెనకనుంచి ఫిర్యాదు చేశాడు.

"ఎక్కడా ఆగలేదు కదమ్మా?"

"ఒక్కసారి కూడా ఆగలేదు. టీమ్‌లోకి తీసుకున్నారు."

ఆవిడ చెయ్యి అలవాటుగా గంధం గిన్నె అందుకుంది. మరుక్షణం తప్పుచేసినట్టు కొంగు చాటుకి పోయింది. త్రివేణి పిస్టల్ పెట్టె మొగుడి చేతికిచ్చి, టోపీ తీసి, అత్తగారి ముందు తలవంచింది.

"నాకు పెట్టండి అత్తయ్యా. ఎంత దట్టంగా కావాలంటే అంత."