బూడిద రంగు పేరు

మా సత్తెమ్మ నానమ్మ ఇంట్లో ఒక నియమం ఉంది. దీపాలు పెట్టే వేళ బయటి నుంచి ఎవరైనా పిలిస్తే మొదటిసారికి పలకకూడదు. రెండోసారికీ పలకకూడదు. మూడోసారి పిలిస్తేనే పలకాలి. మనుషులు కానివాళ్ళకి మూడోసారి పిలిచే శక్తి ఉండదట. నాకు అది పళ్ళు తోముకోవడం లాంటి అలవాటు.

రెండువేల ఎనిమిది కార్తీకంలో ఒక సాయంత్రం అనురాధక్క మా గేటు దగ్గరికి వచ్చింది. అక్క మా పెదనాన్న కూతురు. అమలాపురంలో డిగ్రీ మొదటి సంవత్సరం. రోజూ చీకటి పడేలోగా కాలవలోంచి వాళ్ళ బాతుల్ని తోలుకురావడం మా ఇద్దరి పని. ఎవరైనా పలకరిస్తే నేను మెడ లోపలికి లాక్కుంటానని నన్ను తాబేలు అనేది. ఆ పేరు ఇంటి బయట ఎవరికీ తెలియదు.

“తాబేలా,” అంది గేటు అవతల నుంచి. కాసేపాగి మళ్ళీ, “తాబేలా.”

నేను లేవబోయాను. నానమ్మ నా మణికట్టు పట్టుకుంది.

“ఉండవే. మూడోసారి పిలవనీ.”

“అక్కే నానమ్మా.”

“అక్కయితే పిలుస్తుందిలే. దానికేమన్నా నోరు నొప్పా.”

మూడో పిలుపు రాలేదు. ఒంటరిగా వెళ్ళిపోయినట్టుంది. అరగంట తర్వాత బాతులు వాటంతట అవే వరసగా పెదనాన్న గారి దొడ్లోకి వచ్చేశాయి. అక్క మర్నాడు పొద్దున కాలవ లాకుల దగ్గర నీళ్ళలో దొరికింది. రేవు మెట్ల మీద పాచికి కాలు జారి ఉంటుందన్నారు.

గేటు దగ్గర రెండుసార్లు పిలిచిన సంగతి నానమ్మ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, డైరీకి తప్ప.

అంతకుముందు, ఆ ఏడాది వేసవిలోనే మేమిద్దరం రాజోలులో దేవదానం గారి ఇంటర్నెట్ సెంటర్‌లో, పక్కపక్క కంప్యూటర్ల ముందు కూచుని, ఒక ఆటలో చేరాం. మాకు మెయిల్ లేదు కాబట్టి ఆయనే తన మెయిల్ ఇచ్చి రెండు ఖాతాలూ తెరిచారు. ఆటలో ఒక దీవి, చుట్టూ నీళ్ళు, నీళ్ళలోకి ఒక చెక్క రేవు. ఎక్కడెక్కడి వాళ్ళో అందులో తిరుగుతుంటారు. అయిదు డాలర్లు ఖర్చు పెట్టినవాళ్ళ పేరు తలమీద తెల్లగా ఉంటుంది, వాళ్ళు ఏది రాసినా ఎదుటివాళ్ళకి కనిపిస్తుంది. పెట్టనివాళ్ళ పేరు బూడిద రంగు. నడవొచ్చు, చెయ్యి ఊపొచ్చు. మాట మాత్రం లేదు.

“ఎందుకండీ అలాగ?” అని అక్క అడిగింది.

“దొంగ వెధవలుంటారమ్మా. ఒక్కడే వంద పేర్లతో వచ్చి, మీకు లాటరీ తగిలింది, పాస్‌వర్డ్ చెప్పండి అంటాడు. పేరుకి అయిదు డాలర్లంటే వంద పేర్లకీ ఎక్కడ పెడతాడు? మనిషన్నవాడు ఒక్కసారి పెట్టుకుని ఊరుకుంటాడు.”

అక్క నా చెవి దగ్గరికి వంగింది. “నీకు హాయే తాబేలా. డబ్బిచ్చి మరీ నోరు కొనుక్కోవు.”

అది నిజమే. ఆ దీవిలో నన్నెవరూ మాట్లాడమని అడగలేదు.

అక్క పోయిన మూడు నెలలకి, ఒక శనివారం నాలుగింటికి, మళ్ళీ ఆట తెరిచాను. రేవు చివర అక్క బొమ్మ నిలబడి ఉంది. అక్క ఎంచుకున్న ఆకుపచ్చ పరికిణీ, బూడిద రంగులో పేరు. నన్ను చూసి చెయ్యి ఊపింది. కాసేపాగి మళ్ళీ ఊపింది. అంతే.

తర్వాతి శనివారం కూడా అలాగే. ఆ పై శనివారం కూడా. ప్రతిసారీ రెండే.

నేనూ చెయ్యి ఊపాను. కానీ చెయ్యి ఊపితే పలికినట్టు కాదు. నేను అక్కకి చెప్పాల్సింది ఒకటుంది. వినబడింది అక్కా, లేవబోయాను, అని.

దేవదానం గారికి చూపించాను. “ఎవడో కొట్టేశాడమ్మా ఆ ఖాతా,” అన్నారు. “నోరు లేదు కాబట్టి సరిపోయింది. తీయించేద్దామా?”

“వద్దండి. నాకు మాట కావాలండి.”

“నీకా? గంట దాటిపోయిందని కూడా చెప్పవు కదమ్మా నువ్వు.” నవ్వారు గానీ, కాదనలేదు.

అక్క బాతుల్ని పెద్దమ్మ నాకే ఇచ్చేసింది. వాటి గుడ్లు అమ్మిన డబ్బు ఆయన చేతిలో పెట్టాను. ఆయన తన కంప్యూటర్లో మెయిల్ కొట్టి, కార్డు నంబరు కొట్టారు. “ఆయ్, అయిపోయింది. వెళ్ళి కూచో.”

కూచున్నాను. పక్క కుర్చీ ఖాళీ. అక్క రేవు చివరే ఉంది. మాట రాసే గడి కోసం తెరంతా వెతికాను, ఎక్కడా లేదు. నా పేరు ఇంకా బూడిద రంగులోనే ఉంది.

“రాలేదండి.”

ఆయన లేచి వచ్చి చూశారు. “అయ్యో. రెండూ ఒకే మెయిల్ మీద ఉన్నాయి కదమ్మా. డబ్బు మొదటిదానికి పడిపోయినట్టుంది.”

మొదట తెరిచింది అక్కది. రేవు చివర అక్క పేరు తెల్లబడుతోంది.

“ఆ దొంగకి చేజేతులా నోరిచ్చేం,” అన్నారు దేవదానం గారు. “ఏమడిగినా చెప్పకు.”

ఈసారి బొమ్మ చెయ్యి ఊపలేదు. చాలాసేపు ఊరికే నా వైపు తిరిగి నిలబడింది. తర్వాత దాని తలమీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మాట వచ్చింది.

తాబేలా.

ఆయన ముందుకి వంగి కూడబలుక్కుని చదివారు. “తాబేలేంటి? ఇదేం మోసమమ్మా?”

ఆ మాట చెరిగిపోయింది. కాసేపాగి మళ్ళీ వచ్చింది.

తాబేలా.

నేను మూడోదాని కోసం ఆగాను. ఆగానని నాకే తెలియలేదు. నానమ్మ ఆ రోజు పట్టుకున్న చోట మణికట్టు చల్లబడింది. అప్పుడు తెలిసింది. నా బొమ్మకి నోరు లేదు. నాకుంది.

“ఆయ్, వస్తన్నా అక్కా,” అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. సెంటర్లో అందరూ తిరిగి చూశారు.

అక్క బొమ్మ అటు తిరిగింది. రేవు చివరి చెక్క దాటి నీళ్ళ వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది. తెల్ల పేరు ఒక్కటే కాసేపు నీళ్ళ మీద నిలిచింది. తర్వాత అదీ లేదు.

ఇది జరిగి నాలుగు శనివారాలయింది. రేవు ఖాళీగానే ఉంటోంది.

నిన్న సాయంత్రం నేనింకా కాలవకి బయల్దేరలేదు. నానమ్మ దీపం వెలిగిస్తోంది. గేటు దగ్గర పిలుపు వినబడింది, ఒక్కసారే. నానమ్మ నా వైపు చూసింది గానీ, చెయ్యి పట్టుకోలేదు. “ఆయ్,” అంటూ వెళ్ళి తలుపు తీశాను.

వీధిలో ఎవరూ లేరు. గేటు ముందు బాతులు, ఎవరో తోలుకొచ్చి ఆపినట్టు, వరసగా నిలబడి ఉన్నాయి.